నలభై ఒకటో ఐటమ్ కోసం కాల్గరీ నుంచి సర్రీకి

ఈ ప్రయాణానికి కారణం సోమవారం సాయంత్రం మా మేనకోడలు స్రవంతి చేసిన ఫోను. కెనడాలోనే, వాంకూవర్ పక్కనున్న సర్రీలో నాలుగంతస్తుల అపార్టుమెంటు కడుతున్న ఒక కంపెనీలో ఆమె సైటు ఇంజినీరు. చేరి ఇంకా మూడు నెలలు నిండలేదు.

"మావయ్యా, శుక్రవారం సిటీ ఇన్‌స్పెక్షన్. ఇష్యూ లిస్టులో అరవై రెండు ఐటమ్స్ ఉంటే అన్నీ క్లోజ్ చేశా. అయినా ఏదో తేడాగా ఉంది. మీరొచ్చి ఒక్కసారి చూస్తారా?"

ఇండియాలో నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు సైటు రిజిస్టర్లు రాసి, రిటైరయ్యాక కాల్గరీ చేరినవాణ్ణి. తేదీ, కొలత లేని వాక్యాన్ని నమ్మే అలవాటు లేదు. అయినా 'ఏదో తేడా' అన్న మాట మీద టికెట్టు కొన్నాను.

జూన్ నెల, బుధవారం. కాల్గరీలో ఉదయం 8.10కి బయలుదేరిన విమానం వాంకూవర్‌లో 8.45కి దిగింది. నిజానికి ప్రయాణం గంటా ముప్పై అయిదు నిమిషాలు. అక్కడి గడియారం గంట వెనక. స్కైట్రైన్ అనే అక్కడి సిటీ రైల్లో వాటర్‌ఫ్రంట్ స్టేషనుకు ఇరవై ఆరు నిమిషాలు, అక్కడ లైను మారితే సర్రీ సెంట్రల్‌కు మరో నలభై. విమానాశ్రయంలో ఎక్కేవారికి టికెట్టు మీద అయిదు డాలర్లు అదనం. తిరుగు ప్రయాణంలో ఆ అదనం లేదు.

రైల్లో పక్కన కూర్చున్న ఫిజీ భారతీయురాలు నా పని తెలుసుకుని హిందీలో అంది: "మా కొత్త ఫ్లాట్లో ఆరు నెలలకే కిచెన్ గోడ ఉబ్బింది, భాయ్‌సాబ్. బిల్డరు కాగితంలో మాత్రం అన్నీ 'డన్'!" ఆరు నెలలు అన్నది నోటుబుక్కులో రాసుకున్నాను.

11.20కి సైటు చేరాను. సైటులో ఇచ్చే సేఫ్టీ బూట్లలో నా కొలతవి దొరక్కపోవడంతో రెండు జతల మేజోళ్ల మీద పెద్దవి తొడిగి మూడో అంతస్తు ఎక్కాను. స్రవంతి ట్యాబ్లెట్‌లో జాబితా తెరిచింది. సమస్య కనిపెట్టిన తేదీ, బాధ్యుడి పేరు, ఫొటో, పరీక్ష అంకె, ముగిసిన తేదీ: ఏర్పాటు మా రిజిస్టరు కంటే మెరుగు. నలభై ఐటమ్‌లు సరిపోయాయి. నలభై ఒకటి: 'బాత్రూము పైపు అతుకు దగ్గర చెమ్మ.' ముగిసిన తేదీ ఉంది, పరీక్ష అంకె లేదు. ఫొటోలో కొత్త గోడబోర్డు తెల్లగా మెరుస్తోంది.

"గోడ కనిపిస్తోంది. పైపు ఏదమ్మా?"

స్రవంతి బోర్డుల పని చూసే కరీంనగర్ రమేశ్‌ను పిలిచింది.

"మీరేగా క్లోజ్ అయిందన్నారు?"

"అయింది మేడం. బోర్డు పెట్టి హోల్ క్లోజ్ చేసినం. మీరు 'క్లోజా?' అన్నరు, నేను 'క్లోజ్' అన్న. పైపు సంగతి నన్నెవరడిగిన్రు?" అని నా వైపు తిరిగి, "మీరే చెప్పుండ్రి అంకుల్, నాది తప్పా?" అన్నాడు.

తప్పు ఆ ఒక్క మాటది. ఆమెకు సమస్య ముగిసింది. అతనికి కంత మూసుకుంది. ఇంగ్లీషువాడితో అయితే ఏది క్లోజ్ అయిందని అడిగేదేమో. తెలుగువాడు తెలుగులో చెప్పాడు కదా అని వదిలేసింది.

"రీఓపెన్ కొడితే నా పేరుతో అందరి ఫోన్లకీ వెళ్తుంది మావయ్యా. ప్రొబేషన్‌లో ఉన్నా. ఇన్‌స్పెక్షన్ ఎల్లుండే," అంది మెల్లగా.

రైల్లో విన్న ఆరు నెలల మాట చెప్పాను. 12.05కి ఆమే బటను నొక్కింది. మూడు నిమిషాల్లో మేనేజరు ఫోను వచ్చింది. ఆమె "నేను చెక్ చేయకుండా క్లోజ్ చేశా. రేపు సాయంత్రానికి సరిచేస్తాను," అనడం విన్నాను. ఫోను పెట్టేశాక మిగిలిన ఇరవై ఒక్క ఐటమ్‌లూ నాతో కలిసి చూసింది; అవన్నీ సరిపోయాయి.

గురువారం ఉదయం 7.30కి రమేశ్ బోర్డు కోశాడు. లోపల చలి ఆపడానికి కూరిన దూది తడిసి ముద్దగా ఉంది. "అమ్మో, ఇట్లనే వదిలేస్తే కింద ఫ్లాటోళ్లు నన్ను వెతుక్కుంటొస్తరు!" అన్నాడు. ప్లంబరు అతుకు మార్చి, పైపులో ఒత్తిడి నింపి మీటరు బిగించాడు. రమేశ్‌తో కలిసి మేం ముగ్గురం నేల మీద కూర్చుని స్రవంతి కట్టుకొచ్చిన పులిహోర తిన్నాం. రెండు గంటలు మీటరు ముల్లు కదలలేదు, లీకు లేదన్నమాట. అలాంటి భోజనం ఈ మధ్యకాలంలో చేయలేదు. గోడ మూయకముందే పైపు ఫొటో, మీటరు ఫొటో, అంకె ఎక్కించి, అప్పుడు ఆమె ఐటమ్ ముగించింది.

శుక్రవారం తిరుగు ప్రయాణం. 2.55కి, రైలు ఫ్రేజర్ నది దాటుతుండగా సందేశం వచ్చింది: "మావయ్యా, ఇన్‌స్పెక్షన్ అయిపోయింది!"

"అయిపోయింది అంటే?" అని రాశాను.

వంతెన దాటేలోపు జవాబు వచ్చింది: "శుక్రవారం, 2.40, పాస్. మేనేజరు ఇక నుంచి అందరూ మూసేముందే ఫొటో పెట్టాలన్నారు. కాగితం ఫొటో జత చేశా."

కాగితం పెద్దది చేసి చూశాను. తేదీ ఉంది, సంతకం ఉంది. ఫోను జేబులో పెట్టుకుని, మిగిలిన దారంతా నోటుబుక్కు తెరవకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.