ఒక్క పోగు ఫీజు తీగ

శింగనమలలో కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టి బాగుచేసే యేసన్న కొట్టు నుంచి బయటికి వెళ్లే ప్రతి బోరు మోటారు మెడకూ జానెడు తెల్ల తీగ కట్టి ఉండేది. పసిపిల్లకు తాయెత్తు కట్టినంత శ్రద్ధగా కట్టేవాడు. వెండిలా మెరిసే ఆ తీగ లోపలంతా రాగే, పైన తగరం పూత. ఉత్త రాగి అయితే మర బిగించిన చోట చిలుము పట్టి పాడవుతుంది. తగరం దాన్ని కాస్తుంది. రైతులకు ఇవేవీ పట్టవు. వాళ్లకు అది ఫ్యూజులో వేసే ఫీజు తీగ, అంతే.

"కరెంటు పోటు ఎక్కువైతే ముందు ఇది కరిగిపోతాది. ఇది పోతే ఇంకోటి ఏసుకుంటావు. మోటారు పోతే పంటే పాయ" అని చెప్పి, మోటారు మీద చెయ్యి పెట్టించి, ఫీజుకు ఒక్క పోగే వేస్తానని ఒట్టు వేయించుకునేవాడు. ఒట్టు వేయనివాడికి మోటారు దక్కేది కాదు. మొదట్లో జనం నవ్వారు. మోటార్లు కాలితేనే కదా నీ పొయ్యి వెలిగేది, నీకేం పిచ్చి పట్టిందప్పా అన్నారు. నిజమే, ఇలాంటి వ్యాపారి ఎక్కడుంటాడు? కానీ నాలుగైదేళ్లలో చుట్టుపక్కల పల్లెల్లో మోటార్లు కాలడం సగానికి సగం తగ్గింది. యేసన్న తన బతుకులో గర్వపడింది ఆ ఒక్క సంగతికే.

రెండువేల మూడు ఎండాకాలం. భర్త పోయాక ఒంటరిగా నూట ఇరవై బత్తాయి చెట్ల చీనీ తోటను పెంచుకొస్తున్న తిమ్మమ్మ కొట్టు ముందు నిలబడింది.

"రొండు దినాలాయ యేసన్నా. ఫీజు ఏసేది, పోయేది. ఏసేది, పోయేది. కాయ రాలిపోతాండాది."

యేసన్న ఆమెతో తోటకు వెళ్లాడు. బోరు దగ్గర బల్బు మిణుకుమిణుకుమంటోంది.

"ఓల్టేజీ లేదక్కా. మోటారు గుంజలేక మూలుగుతాంది, కరెంటు ఎక్కువ లాగి ఫీజు పోగొడతాంది. సరిగా వచ్చేదాకా ఆపల్ల."

"ఎప్పుడొస్తాది?"

అది ఎవరికి తెలుసు? చెట్ల ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. తిమ్మమ్మ వంగి, రాలిన పిందెలను ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటోంది. అవి దేనికీ పనికిరావని ఆమెకూ తెలుసు. ఏడ్చి ఉంటే యేసన్న ఏదో ఒకటి చెప్పి తిరిగి వచ్చేసేవాడేమో. ఆమె ఏడవలేదు.

అతను మెయిను ఆపాడు. ఇక కరగకుండా తీగ మూడు పోగులు పేని, తన చేత్తోనే మూడు ఫీజులకూ బిగించాడు. నాలుగు రోజులు తడి అందితే చాలు, తర్వాత తనే వచ్చి తీసేద్దామనుకున్నాడు. నీళ్లు పడ్డాయి. మూడో రోజు మోటారు కాలిపోయింది.

పైపులతో సహా మోటారును బోరులోంచి ఎత్తడానికి పక్క తోటల రైతులు పదిమంది వచ్చారు. వాళ్లలో ఫీజు ఊడదీసి చూసిన ఎర్రన్న గట్టిగా నవ్వాడు.

"ఏం తిమ్మక్కా, మూడు పోగులు ఏసినావే! ఒట్టు యాడ పెట్టినావు?"

తిమ్మమ్మ యేసన్న వైపు చూడలేదు. "నేనే ఏసినా. ఆశకు ఏసినా" అంది తల వంచుకుని.

యేసన్న నోరు మూసుకుంటే సరిపోయేది. తన మాట నిలబడేది, పది పల్లెల మోటార్లు క్షేమంగా ఉండేవి. ఆ ఆలోచన అతనికి రాకపోలేదు. కానీ పదిమంది మగవాళ్ల మధ్య, చెయ్యని తప్పుకు తల వంచుకున్న ఆడమనిషిని చూస్తూ ఊరుకోవడం అతని వల్ల కాలేదు.

"ఆమె కాదు. నేను ఏసినా."

ఎవరూ నవ్వలేదు. కూలి తీసుకోకుండా రెండు రోజుల్లో మోటారు చుట్టి బోరులోకి దించాడు. అప్పటికే సగం చెట్లు ఎండాయి.

పదిహేను రోజులకు ఎర్రన్న మోటారు వచ్చింది, లోపల చుట్టిన తీగంతా మాడి నల్లబడి. యేసన్న దాన్ని బాగుచేసి, ఎప్పటిలాగే చెయ్యి పెట్టమన్నాడు. ఎర్రన్న పెట్టలేదు. ఎగతాళిగా కాదు, మెల్లగానే అడిగాడు:

"తిమ్మక్క చెట్లు చూసి నీకే మనసు ఆగలేదు. నా చెట్లు చూసి నాకెట్ల ఆగుతాదన్నా?"

యేసన్న ఒట్టు లేకుండానే మోటారును ట్రాక్టరులోకి ఎత్తించాడు. ఆ తర్వాత ఎవరినీ ఒట్టు అడగలేకపోయాడు. వానలు పడేలోపు కాలిన మోటార్లు కొట్టు ముందు రోడ్డు దాకా వరుస కట్టాయి. ఒక్కోదాన్నీ విప్పుతూ, ఇది నేను కాల్చిందే అనుకునేవాడు.