ఒంటి చేత్తో దిగలేని కారు

కారు కొనబోతూ ముందుగా బానెట్ ఎత్తి చూసేవాళ్ళంటే మా నాయనకు చిన్నచూపు. "ఇంజన్ సంగతి ఇంజనే చెప్తాది. దాంట్లో కూర్చునేది ఎవురు?" అని అడిగేవాడు. ఎవరి కోసం కొంటున్నారో వాళ్ళ సీట్లో తాను కూర్చుని, కొనేవాడి చేత బండి తోలించేవాడు. వెంకటాచలం హైవే పక్కన ముప్పై ఏళ్ళు మెకానిక్ షెడ్డు నడిపిన కరీముల్లా పద్ధతి అది. ఆయన పోయి పదమూడు నెలలు. ఇప్పుడు షెడ్డులో అందరూ బానెట్టే ఎత్తుతున్నారు.

నాయన ఉన్న రోజుల్లో, రొయ్యల చెరువుల చిన్నబాబు ఒక ఉదయం ఒక కారుతో దిగాడు. వాళ్ళమ్మ అంకాలమ్మకు వారానికి మూడుసార్లు నెల్లూరులో డయాలసిస్. గతుకుల దారిలో ఆటోలో పోయి వస్తూ ఆమె సగమైపోయింది. కారు ఆమె కోసమేనట. కొనేదీ లేనిదీ ఆ సాయంత్రంలోగా దాన్ని అమ్మే చెన్నై ఆసామికి చెప్పాలి.

కారు ఎరుపనే గుర్తు. నేలకు కడుపు ఆనించుకుని, రెండే తలుపులతో, వెనక ఒక రెక్కతో ఉంది. ఎగరలేనిదానికి రెక్క ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

"స్పెషల్ ఎడిషనన్నా! దేశం మొత్తానికి రెండొందలే వదిలినారు. ఇది నూట పదిహేడోది."

"అయితే మీయమ్మకు నీరసం తగ్గుద్దా?"

"నాలుగు చక్రాలకీ పవరన్నా. వానలో అయినా పట్టు జారదు. ఫోన్లో రివ్యూలన్నీ చూసినా. రోజూ తిరిగేదానికి కూడా సూపరంటన్నారు."

"వాళ్ళల్లో డయాలసిస్ చేయించుకుని ఎక్కినోడు ఎవుడన్నా ఉండాడా?"

నాయన భుజం మీది తువ్వాలు నాకిచ్చాడు. "సాహిరా, ఎడం చెయ్యి కట్టు." డయాలసిస్ సూదులు గుచ్చడానికి అంకాలమ్మకు ఆపరేషన్ చేసింది ఆ చేతికే. దాని మీద బరువు పడకూడదని డాక్టర్లు చెప్పారు. ఆయన చేతిని ఛాతీకి చేర్చి కట్టాను.

ముందు సీటు మడిస్తే తప్ప వెనక్కి దారి లేదు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని నేను వెనక ఇరుక్కున్నాను. నాయన ముందు కూర్చున్నాడు. అది సీటు కాదు, తొట్టి.

పరుగు మాత్రం తీసింది, అబద్ధమెందుకు. హైవే మీద లారీని దాటినప్పుడు నాయన కూడా "ఓర్నీ" అన్నాడు. చెరువుల దారికి తిరిగాక దాని బడాయి బయటపడింది. దారిలోని ప్రతి రాయి కబురూ నా వెన్నుకు చేరవేసింది. స్పీడ్ బ్రేకరు మీద పొట్ట గీరుకుంది. చిన్నబాబు 'స్పోర్ట్' అన్న బటన్ నొక్కితే మోత పెరిగింది, సుఖం పెరగలేదు.

షెడ్డుకు తిరిగొచ్చాక నాయన దిగబోయాడు. ఒంటి చేత్తో మూడుసార్లు లేవబోయి మూడుసార్లూ తొట్టిలోనే కూలబడ్డాడు.

చిన్నబాబు విరగబడి నవ్వాడు. "ఏందన్నా, ముసిలోడివైపోయినావే!"

"అయితే నువ్వు దిగి చూపించబ్బయా."

నాయనను లాగి దించి, ఈసారి చిన్నబాబును ఆ సీట్లో కూర్చోబెట్టి తువ్వాలు కట్టాను. వయసులో ఉన్నవాడు, ఒక్క ఊపున లేచాడు. లేస్తూ తెలియకుండానే ఎడమ మోచేతిని తలుపుకు అదిమి ఆనుకున్నాడు.

"అయిపాయ," అన్నాడు నాయన. "మీయమ్మ చెయ్యి పోయింది. మళ్ళీ ఆపరేషనే."

చిన్నబాబు నవ్వు ఆగిపోయింది. సగం లోపల, సగం బయట అట్లాగే ఉండిపోయి, తలుపుకు ఆనిన తన మోచేతినే చూసుకున్నాడు. తర్వాత తువ్వాలు విప్పుకుని, పక్కకు వెళ్ళి చెన్నైకి ఫోన్ చేశాడు. "వద్దన్నా. బండి మంచిదే. మాకు పనికిరాదు."

పది రోజులకు ఒక పాత వ్యాను కొన్నాడు. బూడిదరంగుది, బీరువాలా నిటారుగా ఉండేది. ఆసుపత్రి నుంచి మొదటిసారి తిరిగొస్తూ షెడ్డు ముందు ఆపి, ఎట్లుందని అడగబోయాడు. నాయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. లోపల అంకాలమ్మ, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"పో," అన్నాడు గుసగుసగా. "హారన్ కొట్టబాక."