సగమే పట్టిన బ్రేకు

హన్మాండ్లుది కోరుట్ల దగ్గరి ఊరు. సౌదీలోని అల్ ఖోబర్‌లో లిఫ్టులు బాగుచేసే పనిలో చేరి పద్దెనిమిదేళ్లయింది. అక్కడి అల్ అజీజియా పేటలో పదకొండు బిల్డింగుల లిఫ్టులు అతని చేతికింద ఉన్నాయి. కంపెనీ బండి కోసం కాచుకోలేక ఒక పాత సైకిల్ కొనుక్కున్నాడు. పనిముట్ల సంచి వెనక కట్టుకుని, ఎండ ముదరకముందే సగం బిల్డింగులు చుట్టివచ్చేవాడు.

మార్చిలో ముందు చక్రం బ్రేకు డిస్కు వంకరపోయింది. దగ్గర్లోని సైకిల్ షాపులో కొత్తది వేయించాడు. తెచ్చుకున్న రోజు నుంచే బ్రేకు సరిగా పట్టడం లేదు. షాపు మెకానిక్ ఫజల్ పాకిస్తానీ. అడిగితే, “కొత్త ప్యాడ్లు భాయ్, నాలుగు రోజులు తిరిగితే కుదురుకుంటాయి” అన్నాడు హిందీలో. కావచ్చులే అనుకున్నాడు హన్మాండ్లు.

మూడో రోజు పొద్దున ఒక ఇంటి గేటులోంచి కారు వెనక్కి వచ్చింది. రెండు బ్రేకులూ గట్టిగా నొక్కాడు. వెనక చక్రం జారింది, ముందుది ఆగలేదు. కారును తప్పించబోయి చెత్తడబ్బాకు గుద్దుకుని పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. నొప్పికన్నా సిగ్గే ఎక్కువైంది. లిఫ్టు బ్రేకు వెంట్రుకవాసి తేడాగా పట్టినా తలుపులు మూసి బోర్డు పెట్టే మనిషి, సొంత సైకిల్ విషయంలో ఒకరి మాట నమ్మి ఊరుకున్నాడు.

సైకిల్ నడిపించుకుంటూ పనికి వెళ్లాల్సిన బిల్డింగు చేరాడు. పార్కింగులో దాన్ని తలకిందులుగా నిలబెట్టి చూశాడు. ఆ బిల్డింగు రెండో అంతస్తులో ఉండే ముబష్షిరా అప్పుడే స్కూలుకు బయలుదేరి కిందికి వచ్చింది. కడప ఆమె, లెక్కల టీచరు. నలభై దాటాక సైకిల్ నేర్చుకుంది.

“ఏమైందన్నా, చెయ్యంతా రక్తం!”

“బ్రేకు పట్టలే మేడం. గిటు సూడుండ్రి. పాత డిస్కు పెద్దది, షాపుల ఫజల్ చిన్నది ఏసిండు. పెద్దదానికని బ్రేకు కింద పెట్టిన ఎత్తుముక్క మాత్రం తియ్యలే. ప్యాడు అంచునే పట్టుకుంటున్నది, మిగిలిందంత గాలిల ఉన్నది.”

ముబష్షిరా దగ్గరికి వచ్చి వంగి చూసింది.

“నా సైకిల్ డిస్కు కూడా ఆ అంగట్లోనే మార్పించినాన్నా, పోయిన వారమే. రేపు సముద్రం ఒడ్డున కార్నిష్‌కు పోదామనుకున్యా.”

“ఇయ్యాల దాన్ని ముట్టకుండ్రి. సాయంత్రం సూస్తా.”

సాయంత్రం చూస్తే ఆమె సైకిల్‌దీ అదే తప్పు. ముందు తనది విప్పాడు. ఎత్తుముక్క తీసేసి, ప్యాడ్లను పట్టుకునే క్యాలిపర్‌ను నేరుగా ముందు చక్రం ఫోర్కుకే బిగించాడు. ఒక అంచునే అరిగిన ప్యాడ్లను గరుకు కాగితం మీద రుద్ది చదును చేశాడు. డిస్కును స్పిరిటుతో తుడిచాడు. బోల్టులు కాస్త వదులుచేసి, ఆమెను బ్రేకు నొక్కి పట్టమన్నాడు.

“ఇడవకుండ్రి. నొక్కినప్పుడు ప్యాడ్లు డిస్కుకు సమంగ అవే కూసుంటయి.”

అటొక చుట్టు, ఇటొక చుట్టు బిగించాడు. చక్రం తిప్పితే ఎక్కడా రాసుకోలేదు. ఆమె సైకిల్‌కు వచ్చేసరికి పానా ఆమే అందుకుంది. అతను బ్రేకు పట్టుకున్నాడు. తర్వాత ఇద్దరూ పార్కింగులో ఇరవైసార్లు తొక్కడం, ఆపడం చేశారు. చివరిసారి ఆమె సైకిల్ నేల మీది గీత దగ్గర ఠక్కున ఆగింది. ఆమె గట్టిగా నవ్వేసింది.

మర్నాడు సాయంత్రం అసర్ నమాజయ్యాక ఇద్దరూ షాపుకు వెళ్లారు. హన్మాండ్లు అరవలేదు. రెండు ఎత్తుముక్కలూ బల్ల మీద పెట్టాడు.

“పదేళ్ల నుంచి చేస్తున్నా ఈ పని” అన్నాడు ఫజల్, ముఖం ముడుచుకుని.

“నేను పద్దెనిమిదేళ్ల నుంచి లిఫ్టులు బాగుచేస్తున్నా. నా సైకిల్ నేనే చూసుకోలేదు” అన్నాడు హన్మాండ్లు హిందీలోనే. “ఆ వేలాడే సైకిల్ బ్రేకును ఒకసారి పైనుంచి చూడు.”

డెలివరీకి సిద్ధంగా వేలాడుతున్న సైకిల్ చక్రాన్ని ఫజల్ తిప్పాడు. వంగి చూశాడు. అక్కడా ప్యాడు అంచునే పట్టుకుంటోంది. దాన్ని దింపి విప్పడం మొదలుపెట్టాడు. ఆ నెలలో అలా డిస్కులు మార్పించుకున్న వాళ్లు ఇంకెవరని ముబష్షిరా అడిగింది. నలుగురు తేలారు. ఫజల్ అక్కడే నిలబడి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. తప్పు తనదేనని, సరిచేసేదాకా సైకిల్ ఎక్కవద్దని చెప్పాడు.

ముగ్గురు సైకిళ్లు తెచ్చారు. నాలుగో మనిషి పక్క నగరం దమ్మాంలో ఉంటాడు, రాలేనన్నాడు. సెలవు రోజున ఫజలే పనిముట్లు పట్టుకుని దమ్మాం వెళ్లి, దాన్ని సరిచేసి వచ్చాడు.