గోడ మీద చివరి ఊరు

దెయ్యాల మీద వచ్చిన పుస్తకాలకు లైబ్రరీలో ఒక నంబరు ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు ఆ నంబరు వేసి వాటిని అరల్లో సర్దాను. వాటితో నాకున్న సంబంధం అంతే. చచ్చినవాళ్ళు తిరిగి వస్తారని ఏనాడూ నమ్మలేదు. మా అన్నయ్య పోయాక నమ్మాలని ఎంత అనిపించినా నమ్మలేకపోయాను. ఇక్కడ రాసేది నమ్మకం కాదు, నేను చూసింది. చూసిన వరుసలోనే రాస్తాను.

అరవయ్యో దశకం చివర నేను హైదరాబాదులో యూనివర్సిటీ లైబ్రరీ కేటలాగు విభాగంలో పనిచేసేదాన్ని. తార్నాకలో రెండు గదుల అద్దె ఇంట్లో అన్నయ్యా నేనూ ఉండేవాళ్ళం. మాది కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉండే చిన్న ఊరు. ద్రాక్ష సాగు నేర్చుకోవడానికి అన్నయ్య ఒక ఏడాది ఇటలీ వెళ్ళి వచ్చాడు. అప్పట్లో తార్నాక దాటితే ద్రాక్షతోటలే. అక్కడ నాలుగెకరాల తోట కౌలుకు తీసుకున్నాడు.

ఇటలీ నుంచి రాసిన ఒక ఉత్తరంలో మూడు పేజీలు ఒక్క భోజనం గురించే ఉన్నాయి. కొండవాలు మీద ఒక ద్రాక్షతోట. వాళ్ళే ద్రాక్షసారా చేస్తారు, వాళ్ళే వచ్చినవాళ్ళకు భోజనం పెడతారు. పందిరి కింద పొడుగాటి బల్ల. ఆ కొండ మీద పండేది తప్ప ఇంకేదీ వండరు: చిక్కుడు గింజల పులుసు, మోటు రొట్టె, కుందేలు మాంసం. అన్నయ్య సారా ముట్టలేదు. ఆ ఇంటి ముసలావిడ నవ్వి నీళ్ళు పోసింది. తిన్నాక, ఏ ఊరని అడిగింది. చెప్పాడు. ఆవిడ కొడుకు సారా పీపాలుండే గది గోడ మీద బొగ్గుతో ఆ పేరు రాశాడు. గోడ నిండా అలాంటి పేర్లే. "మన ఊరు ఎక్కడుందో వాళ్ళకు తెలియదు. అయినా తిన్నాను కాబట్టి రాశారు," అని ఉత్తరం ముగించాడు.

తోట చేతికి రాగానే అన్నయ్య చేసిన మొదటి పని పందిరి కింద బల్ల వేయించడం. వంటకు మల్లమ్మను పెట్టాడు. భువనగిరి వైపు మనిషి, అన్నయ్య కన్నా పదేళ్ళు పెద్ద. ఈ నేల మీద పండేదే వండాలని అన్నయ్య పట్టు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పుంటికూర పప్పు, ఆదివారం మాంసం, చివర పందిరి నుంచి కోసిన ద్రాక్ష గుత్తి. మధ్యాహ్నం ఒక్కపూటే. క్యాంపస్ నుంచి విద్యార్థులు, లాలాగూడ నుంచి రైల్వే వర్క్‌షాపు వాళ్ళు వచ్చేవారు.

ఒకసారి మా జిల్లా ఆయనొకరు వచ్చి గోంగూర పచ్చడి లేదా అని అడిగాడు.

"గోంగూర ఏంది సారూ? గది పుంటికూర," అంది మల్లమ్మ. "మా కూరకే పేరు మార్చి మమ్ములనే అడుగుతున్నవా?"

"మల్లమ్మా, ఆయన మా వైపాయన. కాస్త మెల్లగా," అన్నాడు అన్నయ్య.

"నువ్వూ గా దిక్కోనివే గద. నీతోని మెల్లగనే ఉంటున్ననా?"

బల్లంతా నవ్వింది. ఆ గోంగూరాయన నాలుగు రొట్టెలు తిన్నాడు.

పందిరి చివర సామాన్ల గది ఉండేది. దాని గోడకు ఎర్రమన్ను పూయించాడు. తిన్నవాళ్ళను ఊరు అడిగి, సున్నంలో ఈతపుల్ల ముంచి ఆ పేరు రాసేవాడు. ఎడమచేతి వాటం. అక్షరాలన్నీ ఎడమకు వాలేవి. ఒక నియమం మాత్రం తప్పేవాడు కాదు. తిన్నాకే రాయడం. ఒక పెద్దమనిషి వచ్చి, తినకుండానే ముచ్చటపడి తన ఊరు రాయమంటే, "ముందు కూర్చోండి," అన్నాడు తప్ప పుల్ల ముట్టలేదు.

సెలవు రోజుల్లో నేను మల్లమ్మ దగ్గర రొట్టె చెయ్యడం నేర్చుకునేదాన్ని. నాకు రాలేదు. అంచులు విరిగిపోయేవి. "నీ రొట్టె దేశపటం లెక్కున్నది బిడ్డా," అనేది.

అరవై తొమ్మిది వేసవి వచ్చింది. ప్రత్యేక తెలంగాణ కావాలని ఉద్యమం. అడిగేవాళ్ళ కోపంలో న్యాయం ఉందని అన్నయ్య అనేవాడు. నేనూ అనుకునేదాన్ని. నగరంలో పోలీసు కాల్పుల్లో కుర్రవాళ్ళు చనిపోతున్నారు. లైబ్రరీ మూతపడింది. నాతో పనిచేసే తెలంగాణ మిత్రులు వంతులు వేసుకుని నన్ను ఇంటిదాకా దిగబెట్టేవారు. ఇది కూడా రాయాలి, ఎందుకంటే నిజం.

రోడ్డు మీద జనం ఎదురైనప్పుడు మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "ఏ ఊరు?" జవాబును బట్టి వదలడమో కొట్టడమో. అన్నయ్య రోజూ బల్ల దగ్గర అడిగే ప్రశ్న అది. కొన్నాళ్ళు బల్ల మూసెయ్యమని బతిమాలాను. "గుత్తులు పండాయి. తినేవాళ్ళు వస్తున్నారు. ఎలా మూస్తాను?" అన్నాడు.

ఆ రోజు పదకొండు గంటలకు వచ్చారు. అరవై మంది ఉండొచ్చు. నేనూ మల్లమ్మా వంట పాకలో ఉన్నాం. ఆమె నన్ను నీళ్ళ తొట్టి వెనక్కి తోసి, నా మీద కూర్చుంది. ఆమె మోకాలి సందులోంచి చూశాను.

అన్నయ్య బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ముందు వరసలో తల నున్నగా గీయించుకున్న ఒక మనిషి, చేతిలో గడ్డపార.

"ఏ ఊరురా నీది?"

అబద్ధం చెప్పొచ్చు. పక్కన గోడ నిండా తెలంగాణ ఊళ్ళే ఉన్నాయి, ఏదైనా చదివి చెప్పొచ్చు. అన్నయ్య మా ఊరి పేరే చెప్పాడు. చెప్పి, "నీది ఏ ఊరు బాబూ?" అని అడిగాడు. ఆ మనిషి ఏదో అన్నాడు. అరుపుల్లో నాకు వినబడలేదు. అన్నయ్య బల్ల వైపు చెయ్యి చూపించాడు. గడ్డపార లేచింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీద. మూడోది అక్కర్లేదు, అయినా కొట్టాడు. ఆ తరువాత మిగతావాళ్ళు కర్రలతో కొట్టారు. ఎవరెవరో చెప్పలేను.

తరువాత గొడ్డళ్ళతో తీగల మొదళ్ళు నరికారు. ఇనుపతీగలు తెంపారు. పండిన గుత్తులతో సహా పందిరి అన్నయ్య మీద కూలింది. దాని మీద తొక్కుతూ తిరిగారు. ద్రాక్షరసం, రక్తం కలిశాయని రాయడం తేలిక. నేను చూసినది ఏమిటంటే, ఈగలు రెండింటి మీదా వాలాయి.

పాకకు నిప్పు పెట్టి వెళ్ళారు. మంటలోంచి బయటపడి, మల్లమ్మా నేనూ అన్నయ్యను చెరో కాలూ పట్టుకుని పందిరి కింద నుంచి ఈడ్చాం. ఆయన బరువు నాకు ఇంకా చేతుల్లో ఉంది.

పోలీసు వ్యాను వచ్చేసరికి రెండు దాటింది. అప్పటికి మంట ఆరింది. సామాన్ల గది గోడ ఈ చివర నుంచి ఆ చివరకు మసిబారింది. ఒక్క ఊరి పేరూ కనబడలేదు. సున్నం ముంత పగిలి, సున్నం నేల మీద ఎండిపోయి ఉంది. ఇవి బాగా గుర్తున్నాయి. వ్యాను కదిలేదాకా నేను అన్నయ్య ముఖం వైపు చూడలేక ఆ గోడ వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆ తరువాత కర్ఫ్యూ. గేటుకు తాళం, బయట ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చి వాంగ్మూలం తీసుకున్నాడు. నాకు ముఖం తెలుసు, పేరు తెలియదు.

"పేరు అక్కర్లేదమ్మా," అన్నాడు. "ఊరు తెలిస్తే చాలు. మిగతాది మేం చూసుకుంటం."

ఆ నాలుగు రోజులూ నేను కోరుకున్నది అదొక్కటే. ఆ మనిషి ఊరు. వాడి వేళ్ళు ఒక్కొక్కటీ విరిచే దృశ్యం కళ్ళు తెరుచుకునే చూసేదాన్ని. అంత కోపం నాలో ఉంటుందని నాకు తెలియదు.

నాలుగో రోజు పొద్దున కర్ఫ్యూ సడలించారు. మల్లమ్మతో తోటకు వెళ్ళాను. కానిస్టేబులు తాళం తీశాడు. ఎవరినీ లోపలికి పోనివ్వలేదని, తామూ పోలేదని చెప్పాడు.

మసి గోడ మధ్యలో, జానెడు ఎత్తు అక్షరాలతో, తెల్లగా ఒక ఊరి పేరు ఉంది.

మసి కింద కాదు, మసి మీద. వేలు పెడితే సున్నం వేలికి అంటింది. అక్షరాలు ఎడమకు వాలి ఉన్నాయి. రోజుకు వంద కార్డుల మీద నలుగురు గుమస్తాల దస్తూరీలు చూసి, ఎవరిది ఏదో చెప్పడం నా ఉద్యోగం. అది అన్నయ్య దస్తూరీ. ఆ ఊరు అంతకు ముందు గోడ మీద లేదు. గడ్డపార మనిషి చెప్పింది, అరుపుల్లో నాకు వినబడనిది ఇదేననుకున్నాను.

"ఏమని రాసున్నదే బిడ్డా?" అంది మల్లమ్మ. ఆమెకు చదువు రాదు.

"ఏం లేదు," అన్నాను.

నేరుగా పోలీస్ స్టేషనుకు నడిచాను. నోట్లో ఆ పేరు సిద్ధంగా ఉంది. వరండాలో పది పన్నెండు మంది నేల మీద కూర్చుని ఉన్నారు. వేరే కేసులో ఏదో ఊరి నుంచి లారీలో తెచ్చారట. ఒకడి చెవి చీలి వేలాడుతోంది. ఒక ముసలాయన అరిపాదాలు వాచి నేలకు ఆనడం లేదు. అంతమందిలో ఒక్కడు చేశాడో లేదో. లోపలి నుంచి లాఠీ చప్పుడు, దాని తరువాత అరుపు. అదే వరస. అవి నాకు హాయిగా వినిపించాయి. అలా వినిపించినందుకు భయం వేసింది.

ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి, "ఏమన్నా తెలిసిందా?" అన్నాడు.

తెలియలేదన్నాను. వెనక్కి వెళ్ళి, ఎర్రమన్ను కలిపి, నా చేతులతో ఆ పేరు మీద పూశాను. అప్పటి నుంచి ఆ పేరు ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా రాయను.

కౌలు గడువు ఉంది కాబట్టి తోట వదల్లేదు. నరికిన మొదళ్ళలో కొన్ని చిగిర్చాయి. దసరా వెళ్ళాక ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కొమ్మలు కత్తిరిస్తున్నాను. మల్లమ్మ మా ఇద్దరికీ వంట చేస్తోంది. గేటు తీసుకుని ఒక మనిషి వచ్చి, కూలిన బల్ల దగ్గర రాయి మీద కూర్చున్నాడు. తల మీద జుట్టు పెరిగింది. మనిషి సగమయ్యాడు. నేను గుర్తుపట్టలేదు.

"ఏ ఊరయ్యా?" అంది మల్లమ్మ అలవాటుగా.

చెప్పాడు.

నేను మన్ను పూసి కప్పిన పేరే అది. నా చేతిలో కత్తిరింపు కత్తి ఉంది. అతని మెడ నాకు మూరెడు దూరంలో ఉంది.

"గడ్డపార నాదేనమ్మా," అన్నాడు నేల చూస్తూ. "మా తమ్ముడు పోలీసోళ్ళ తూటాకు సచ్చిండు. పది దినాలైనంక గీడికి వచ్చిన. అయ్య ఊరడిగిండు, చెప్పిన. 'కూర్చో, రొట్టె తిను' అన్నడు. గప్పుడు కొట్టిన."

మల్లమ్మ పొయ్యిలోని కట్టె లాగి అతని వీపు మీద కొట్టింది. నిప్పులు రాలాయి. "నీ చేతులు ఇరగ! రొట్టె తినుమన్నోన్ని సంపుతవారా?" అని మళ్ళీ కొట్టింది. అతను కదల్లేదు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో తెలియదు.

"ఆ దినం సంది బువ్వ లోపటికి పోతలేదు," అన్నాడు. "ముద్ద ఎత్తంగనే చెవుల 'ఏ ఊరు బాబూ' అని ఇనబడ్తది. పోలీసోళ్ళకు చెప్పుకోమ్మా. ఏదో ఒకటి చెయ్యి."

ఆ రోజు తరువాత తోటకు వచ్చావా అని అడిగాను. రాలేదన్నాడు. నీ ఊరు ఇక్కడ ఇంకెవరికైనా తెలుసా అన్నాను. "ఎవలకు తెల్వది. లారీల ఎక్కి వచ్చిన. అయ్యకే చెప్పిన." రాయడం వచ్చా అన్నాను. వేలిముద్ర వేస్తానన్నాడు.

అతని చెవుల్లో వినబడేది చేసిన పాపం అనుకోవచ్చు. గోడను ఏమనుకోవాలి?

తిననివాడి ఊరు అన్నయ్య ఆ గోడ మీద ఏనాడూ రాయలేదు. ఈ ఒక్కటీ ముందే రాశాడు. అంటే భోజనం బాకీ ఉంది.

"రొట్టె చెయ్యి మల్లమ్మా," అన్నాను.

"నేను చెయ్య. నా చేతులతోని వీనికి పెట్ట. గంత ఉంటే నువ్వే చేసుకో."

నేనే చేశాను. పిండి తడిపి, చేత్తో తట్టి, పెనం మీద వేశాను. అంచులు ఎప్పటిలాగే విరిగాయి. పచ్చిపులుసు పోసి ఇచ్చాను. మొదటి ముక్క నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. చాలాసేపు ఏదో వింటున్నట్టు ఉన్నాడు. తరువాత తిన్నాడు. మూడు రొట్టెలు తిన్నాడు. చెయ్యి కడుక్కుని, గేటు దాటి వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడలేదు. క్షమించానని అనుకోకండి. ఆ మెడ, ఆ కత్తి నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. కలలో నేను ఆగను.

ఇప్పుడక్కడ తోటా లేదు, గోడా లేదు, మూడంతస్తుల ఇళ్ళు ఉన్నాయి. మల్లమ్మ పోయి చాలా ఏళ్ళయింది. తాళం వేసిన తోటలో, మసి మీద, ఆ సున్నం ఎవరు పెట్టారన్నది ఎన్ని విధాల ఆలోచించినా నాకు తేలలేదు. పుస్తకాలకైతే ఏదో ఒక నంబరు వేసేదాన్ని. దీన్ని ఏ అరలో పెట్టాలో తెలియక ఇన్నేళ్ళూ చేతిలోనే పట్టుకుని ఉన్నాను.

ఇటలీలో ఆ కొండ మీద గోడ ఇంకా ఉంటే, దాని మీద బొగ్గుతో రాసిన మా ఊరు ఉంటుంది. అక్కడ అన్నయ్య తిన్నాడు.