పలకల పెట్టె ఓనరు ఒళ్ళో పెట్టిన దసరా

నా చిన్నప్పుడు మార్కాపురంలో దసరా అంటే నాకు లారీల పండుగే. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం. మా ఇంట్లో ఆ రోజు పూజా లేదు, పిండివంటా లేదు. కానీ మా నాయన లారీ డ్రైవరు. ఆయన తోలే బండికి ఆ రోజు పెళ్ళికూతురి అలంకారం జరిగేది. బంపరుకు రెండు పక్కలా అరటి పిలకలు, అద్దం చుట్టూ బంతిపూల దండలు, తలుపులకు రంగు కాగితాలు, ప్రతి చక్రం కింద ఒక నిమ్మకాయ. తెల్లవారకముందే లేచి లారీల షెడ్డుకు పరుగెత్తేదాన్ని.

హైస్కూల్లో చేరిన నాటి నుంచి నేను డైరీ రాస్తున్నాను. ఈ సంగతి అంతకు ముందుది. కనుక ఇది రాసి పెట్టుకున్నది కాదు, గుర్తున్నది. గుర్తున్నంత వరకే, వరుసలో చెబుతాను.

బడిపిల్లలు రాసుకునే మా ఊరి రాతిపలకలు అప్పట్లో దేశంలో ఎక్కడెక్కడికో వెళ్ళేవి. చెక్క పెట్టెల్లో వరిగడ్డి పరిచి, పలకలు పేర్చి, మేకులు కొట్టి లారీలకు ఎత్తేవారు. మా నాయన ఆ సరుకుతో కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల ఘాటు ఎక్కి నంద్యాల వైపు దిగేవాడు. అక్కడి నుంచి ఇంకా దూరం పోయేవాడు. ఆ లారీల ఓనరు మంచి కష్టజీవి, మాటకు నిలబడే మనిషి. అయితే ఆయన పెట్టిన రెండు కోతలు డ్రైవర్ల ఉసురు తీసేవి. చెప్పిన టైముకు సరుకు చేరకపోతే దారిఖర్చుకిచ్చే బత్తాలో కోత. దారిలో పలక పగిలితే జీతంలో కోత.

ఆ టైము ఎలా పెట్టాడో అందరికీ తెలుసు. ఒకసారి ఎవరిదో కారులో నంద్యాల పోయివచ్చాడు. దారిలో గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. ఇంటికి రాగానే అదే టైమును లారీలకు ఖాయం చేశాడు. కారు వేరు, పలకల లోడు వేరు అని ఎవరైనా అంటే, "దారిలో హోటళ్ళ కాడ కూలబడకపోతే అదే టయానికి పోవచ్చు" అనేవాడు. గుంతల్లో జోరుగా తోలితే పలకలు పగిలేవి, మెల్లగా తోలితే టైము పోయేది. మా నాయన నిద్ర మానుకుని, తిండి మానుకుని, రెండింటి మధ్యా నలిగేవాడు. ట్రిప్పు నుంచి వచ్చేసరికి ఆయన కళ్ళు మిరపపండ్లలా ఉండేవి.

ఆ ఏడు దసరా ముందు రోజు పొద్దున, వాకిట్లో గడ్డం గీసుకుంటూ నాయన మా అమ్మతో అన్న మాట నా చెవిన పడింది. "ఈ నెల గూడా జీతమంతా పలకల కిందనే పోయింది. పండగ అయిపోనీ. బండి తాళాలు ఆయన చేతిలో పెట్టి మద్రాసు పోతా. హార్బరు కాడ పని ఇప్పిస్తామన్నారు." మా అమ్మ గంజి వార్చుతున్న గిన్నె దించి పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అట్లాగే నిలబడింది. నాకు మద్రాసు ఎంత దూరమో తెలియదు. నాయన పండుగలకు తప్ప రాడన్నది మాత్రం అర్థమైంది. ఆ రోజంతా నాయన వెంటే తిరిగాను.

అయినా పిల్లతనం పిల్లతనమే. మర్నాడు షెడ్డులో వరసగా నిలబెట్టిన లారీలను చూడగానే అన్నీ మరిచిపోయాను. పూజ అయ్యాక మొదటి లారీలో ఓనరు, ఆయన భార్య ఎక్కి ఊరి బయట దాకా తిరిగి రావడం ఆనవాయితీ. ఖాళీ బండి తిప్పకూడదని ఒక పెట్టె సరుకు కూడా వెనక వేసేవారు. ఓనరుగారి భార్యను అందరూ ఓనరమ్మ అనేవాళ్ళు. నవ్వు ముఖం, పెద్ద గొంతు. ఆమెకు ఆడపిల్లలు లేరు. నన్ను చూసి, "ఏమ్మీ, అట్ల గుడ్లప్పగించి చూస్తావేంది? ఎక్కు. ఆడపిల్ల ఎక్కితే బండికి మంచిది" అంది. నేను లారీ క్యాబిన్‌లో కూర్చోబోవడం అదే మొదటిసారి! ఇంజను మీది బానెట్‌పై గోనెపట్టా మడిచి వేసి నన్ను కూర్చోబెట్టారు. కుడివైపు స్టీరింగు దగ్గర మా నాయన. ఎడమవైపు ఓనరు. ఆయన పక్కన, తలుపు దగ్గర, పట్టుచీరలో ఓనరమ్మ.

అప్పుడు మా నాయన ఒక పని చేశాడు. దిగి వెనక్కి వెళ్ళి ఆ పలకల పెట్టె తెచ్చాడు. అది చిన్నపెట్టె, మూత ఇంకా మేకులు కొట్టనిది. దాన్ని ఓనరుగారి ఒళ్ళో పెట్టాడు.

"ఏందబ్బా ఇది?" అన్నాడు ఓనరు.

"అన్నా, పండగ పూట ఒక సరదా. కంభం దారిలో మీరు పెట్టిన టయం ఉంది గదా, ఆ లెక్కన వాగు చప్టా దాకా పోయొద్దాం. నేను ఏ హోటలు కాడా దిగను, మీరే చూస్తారు. టయానికి పూచీ నాది. పలకలకు పూచీ మీది."

షెడ్డులో ఉన్న డ్రైవర్లు, పలకలు సర్దే ఆడవాళ్ళు, హమాలీలు అందరూ వింటున్నారు. అంతమంది ముందు ఓనరు కాదనలేకపోయాడు. పైగా ఆయనకు తన టైము మీద బలే నమ్మకం. చేతి గడియారం పైకెత్తి చూపించి, "పోనీ! మీ అందరికీ ఇయ్యాల తెలుస్తాది" అన్నాడు. ఓనరమ్మ ఆయన వంక చూసి, "పెట్టె గట్టిగా పట్టుకోండి, అది మీ జీతం" అంది. అందరూ గొల్లున నవ్వారు.

మా నాయన ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని మనసులో ప్రార్థన చేసుకున్నాడు. తరువాత గేరు వేశాడు. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు నాకు బానెట్ మీద కూర్చున్నా వినిపించినట్టే అనిపించింది. హారను ఒక్కటే మోత! పిల్లలు కేకలు వేస్తూ వెంట పరుగెత్తారు. బజారు దాటేదాకా మెల్లగా పోయి, ఊరు వెనకబడగానే నాయన యాక్సిలేటరు తొక్కాడు.

ఆ కాలపు లారీ వేగం వింటే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నాకు మాత్రం అది గాలిలో ఎగరడమే. అద్దం మీది బంతిపూలు రేకులు రేకులుగా రాలి లోపలికి కొట్టుకొస్తున్నాయి. నా కింద ఇంజను వెచ్చగా వణుకుతోంది. సజ్జచేలు, కంచెలు, మేకల మంద అన్నీ వెనక్కి పారిపోతున్నాయి. నేను ఆనందం పట్టలేక అరుస్తున్నాను. ఓనరు కూడా హుషారుగానే ఉన్నాడు. గడియారం చూసుకుని, "చూసినావా, అందుతాంది టయం!" అన్నాడు.

ఆ మాట పూర్తికాకముందే దారి చెడింది. మొదటి గుంతలో అందరం ఎగిరి పడ్డాం. పెట్టెలో పలకలు టకటకమని కొట్టుకున్నాయి. ఓనరు పెట్టెను పొట్టకు అదుముకున్నాడు. రెండో గుంతకు పైకి ఎత్తి పట్టుకున్నాడు. తరువాత చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు చేతుల మీదికి తీసుకున్నాడు. ఎటు తిప్పినా చప్పుడు ఆగలేదు. చెమటకు ఆయన కుంకుమబొట్టు కరిగి ముక్కు మీదికి కారింది.

"నిదానం... నిదానమబ్బా!"

"నిదానమైతే టయం పోతాది అన్నా. బత్తా కోస్తారు."

ఓనరమ్మ పడీపడీ నవ్వింది. ఆమె కొప్పు ఊడిపోయింది. నేనూ నవ్వాను. ఓనరు మాత్రం నవ్వలేదు. చప్టా కనబడుతుండగా ఇంకొక పెద్ద కుదుపు తగిలింది. పెట్టెలో ఈసారి వినిపించింది టకటక కాదు, పటుక్కుమన్న చప్పుడు. "ఆపు!" అని అరిచాడాయన. నాయన వెంటనే బండి పక్కకు తీసి ఆపాడు.

ఓనరు మూత తీసి, గడ్డి తప్పించి చూశాడు. పైవి బాగానే ఉన్నాయి. అడుగున ఉన్నవి నిలువునా పగిలాయి. ఆయన ముఖం ఎర్రబడింది. "నువ్వు కావాలని గుంతల్లో తోలినావు" అన్నాడు.

నాకు భయం వేసింది. ఈ గొడవతో నాయన ఇప్పుడే, ఇక్కడే తాళాలు ఇచ్చేస్తాడనుకున్నాను. నాయనకూ ఆ మాట తగిలినట్టుంది. స్టీరింగు మీద ఆయన వేళ్ళు బిగుసుకోవడం చూశాను. కానీ గొంతు పెంచలేదు. "అట్లనా అన్నా. అయితే ఎనక్కి పోయేటప్పుడు మీరు ఎట్ల చెప్తే అట్ల తోల్తా. గుంత తప్పించమంటే తప్పిస్తా. నిలపమంటే నిలుపుతా. నోరెత్తను" అన్నాడు.

తిరుగు ప్రయాణం నాకు పోయినప్పటి కన్నా ఎక్కువ ఇష్టమైంది. ఓనరు ముందుకు వంగి, అద్దానికి ముఖం ఆనించి, దారిని కళ్ళతో తవ్వుతున్నాడు. "కుడికి... కుడికబ్బా... ఆ రాయి చూసుకో... ఈడ రోడ్డు దిగి పో... నిలుపు నిలుపు, ఎద్దులబండిని పోనీ." ఆయన ఎట్లా చెబితే నాయన అట్లాగే తోలాడు. కొంతసేపటికి కోపం పోయి, చిన్నపిల్లవాడి ఆటలాగా అయింది. గుంత తప్పించుకున్నప్పుడల్లా "ఆ!" అని తొడ చరుచుకునేవాడు. నేనూ ఆయనతో పాటు "ఆ!" అనేదాన్ని. పెట్టెలో ఒక్క చప్పుడు లేదు.

షెడ్డుకు చేరేసరికి అందరూ గేటు దగ్గరే ఉన్నారు. ఇంత ఆలస్యమైందేమని ఎదురుచూస్తున్నారు. ఓనరు పెట్టెతో దిగి, మళ్ళీ మూత తీసి చూశాడు. కొత్తగా పగిలింది ఒక్కటీ లేదు. అప్పుడు గుర్తొచ్చి గడియారం చూసుకున్నాడు. చూసి, చేయి కిందికి దించేశాడు.

ఓనరమ్మ ఊరుకోలేదు. "ఇంగేముంది, పలకలకు మీ జీతంలో కోత, టయానికి మీ బత్తాలో కోత. నాకు చీర లేనట్టే!" అంది. నవ్వులు ఇంకా ఆగకముందే ఓనరు మా నాయన వైపు తిరిగాడు. "నీకేం కావాలబ్బా, చెప్పు" అన్నాడు.

అప్పుడు నాయన ఏమడిగినా దక్కేదని ఇప్పటికీ నా నమ్మకం. నాయన అడిగింది ఇంతే. "టయం కోత తీసెయ్యండి అన్నా. కన్ను మూతబడితే బండి నిలిపి పండుకోనీండి. పలకలు నేను చేరుస్తా. నా తప్పున పగిలితే అప్పుడు కోసుకోండి."

ఓనరు "సరే" అన్నాడు. అందరికీ వినబడేటట్టు, అన్ని లారీలకూ అని అన్నాడు. అంతకు ముందు కోసిన జీతం మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఆయన పెద్దమనసు అంతవరకే. రెండో కోత కూడా ఎందుకు తీయించలేదని తోటి డ్రైవర్లు నాయనను తరువాత బాగానే దెప్పారు. "చేతికొచ్చిన దాన్ని వదిలేసినావు మామా" అన్నారు. నాయన, "సరుకు పాడుచేసినా అడగొద్దనేదానికి నాకు నోరు రాలేదప్పా" అన్నాడు. ఆ జవాబు సరైనదో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒక్కొక్క ఏడు ఒక్కొక్క రకంగా అనిపిస్తుంది.

మద్రాసు మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు. తరువాతి ట్రిప్పు నుంచి నాయన చెప్పినదానికన్నా ఆలస్యంగా వచ్చాడు. నడిమధ్యాహ్నం నేను బడి నుంచి అన్నానికి వచ్చేసరికి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆయన కళ్ళు తెల్లగా ఉన్నాయి. గిద్దలూరు దాటాక చింతచెట్టు కింద బండి నిలిపి కడుపునిండా నిద్రపోయానని మా అమ్మకు ఘనకార్యంలా చెప్పాడు. మా అమ్మ వినీ విననట్టు కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టింది.

నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. ఆఖరికి తక్కిన నర్సులకు డ్యూటీలు వేసే పని నా చేతికొచ్చింది. కొత్త వార్డుకు మనిషిని వేసే ముందు ఒక పూట అక్కడ నేను పనిచేసి చూసేదాన్ని. కొందరికి అది చాదస్తంగా అనిపించింది. అనిపించనీ అనుకున్నాను.

మొన్న పక్కింటి అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. ఏదో కంపెనీలో కంటైనరు తోలుతాడు. బండి ఎక్కడ నిలిపినా ఫోను అరుస్తుందట. టైము దాటితే డబ్బులు దానంతట అవే పోతాయట. "ఆ టైము పెట్టినాయన ఎప్పుడన్నా నీ పక్కసీట్లో కూర్చున్నాడా నాయనా?" అని అడిగాను. అతను నవ్వాడు. "కూర్చునేదానికి మనిషి యాడుండాడు అవ్వా? ఆ ఫోనే కూర్చుంటది." నాకు నవ్వు రాలేదు. ఆ రోజు కథ మొత్తం అతనికి చెప్పాను. చప్టా దగ్గరికి వచ్చేసరికి అతను కూడా కుర్చీ అంచుకు వచ్చి కూర్చున్నాడు. తోటి డ్రైవర్లకూ చెబుతానని వెళ్ళాడు. మేనేజరును ఒక్క ట్రిప్పుకు ఎట్లా ఎక్కించాలా అని వాళ్ళు ఆలోచిస్తున్నారట. ఈ వయసులో నాకు ఇంత ఉత్సాహం ఎక్కడిదో తెలియదు. రోజూ మేడ మీది పిట్టగోడ పక్కన నిలబడి ఏమైందని అడుగుతున్నాను.

నా సంగతికి వస్తే, మా ఊళ్ళో నీళ్ళు తాగడానికి పనికిరావు. డబ్బానీళ్ళు కొనుక్కుంటాం. నేనుండేది మేడ మీద. నీళ్ళు తెచ్చే పెద్దాయన ఆలస్యం చేస్తున్నాడని ఆమధ్య నాలుగు మాటలు అనబోయి, నోరు ఆపుకున్నాను. ఆయన వెళ్ళాక కిందికి దిగి, ఎవరూ చూడకుండా కిందింటి వాళ్ళ నిండు డబ్బా ఒకటి ఎత్తుకుని మెట్లెక్కాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయాసంతో కూలబడి, ఒక్కదాన్నే పగలబడి నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ మలుపులో ఒక స్టూలు వేయించాను. ఆయన డబ్బా దానిమీద దించి, ఊపిరి తీసుకుని, తన తీరిక మీద పైకి వస్తాడు.