మిద్దె మీద తొమ్మిదేళ్ళ చవుడు

ఇల్లు బాడుగకిచ్చేవాళ్ళు ఇప్పటికీ నన్ను సలహా అడుగుతుంటారు. మా వీధిలో ఎవరైనా కొత్తగా ఒక గది కట్టి బాడుగకు ఇవ్వాలనుకుంటే, పెద్దామెకు ఈ వ్యవహారం తెలుసు కదా అని మా గడప తొక్కుతారు. వాళ్ళు అడిగేవన్నీ మనుషుల గురించే. ఎట్లాంటివాళ్ళకు ఇవ్వాలి, పిల్లలు ఎక్కువున్నవాళ్ళకు ఇవ్వొచ్చా, ఖాళీ చేయనంటే ఏం చేయాలి. ఇంటి గురించి ఒక్కరూ అడగరు. నాకు ఒళ్ళు మండుతుంది. "ముందు మీ ఇంట్లో నిచ్చెన ఉందా?" అంటాను. ముసలిదానికి మతి చెడిందన్నట్టు చూసి, మర్యాదకు కాఫీ తాగి వెళ్ళిపోతారు.

నిచ్చెన సంగతి చెప్పాలంటే ధర్మవరం ఇంటి సంగతి చెప్పాలి. చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా దాన్ని తలుచుకోకుండా గడిచిన రోజు లేదు.

మా పుట్టిల్లు హిందూపురం. అంగడి కుటుంబం. నన్నిచ్చింది ధర్మవరం. పంతొమ్మిదివందల యాభైల్లో మా ఇంటాయన వారం రోజుల జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. అన్న వచ్చి నన్ను హిందూపురం తీసుకుపోయాడు. ధర్మవరంలో నాకంటూ మిగిలింది ఆ మట్టిమిద్దె ఒక్కటే. వీధివైపు చిన్న గది, వెనక పెద్ద గది, పెరట్లో బావి. అన్న ఇంట్లో అన్నానికి లోటు లేదు. కానీ నాకంటూ ఒక ఇల్లుంది కాబట్టే వదిన నన్నొక మాట అనడానికి ముందు కాస్త ఆలోచించేది. ఆ ఇల్లే నా ధైర్యం. చిన్న గదిలో నా సామాను పెట్టి తాళం వేసుకుని, పెద్ద గదిని బాడుగకిచ్చాను.

వచ్చినాయన పట్టుచీరలు నేసేవాడు. భార్య, ఇద్దరు పిల్లలు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మాట మెత్తన, చేయి చురుకు. మా వీధివాళ్ళు అప్పుడే చెవిలో ఊదారు: "మగ్గమోళ్ళకు ఇయ్యొద్దు తల్లీ, గుంత తవ్వుతారు. గోడ కిందికి చెమ్మ దిగి ఇల్లు కూలుతాది."

గుంత తవ్వకుండా మగ్గం ఎట్లా? నేసే మనిషి గుంతలో కాళ్ళు వేలాడేసి కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ పైన చేత్తో దారపు కండె ఉన్న నాడెను అటూ ఇటూ విసరాలి. అందుకని నేను ఒప్పుకున్నాను, కానీ గట్టిగా షరతులు పెట్టాను. గుంత గోడకు మూడు మూరల దూరంలో ఉండాలి, ఉన్నది పెద్దది చేయకూడదు, ఖాళీ చేసేటప్పుడు పూడ్చి అలికి ఇవ్వాలి. ఆయన అన్నిటికీ తల ఊపాడు. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఏటా ఎండలు ముదిరాక, తొలకరికి ముందు, హిందూపురంలో రైలుబండెక్కి ధర్మవరం పోయేదాన్ని. దిగీ దిగగానే చేసే పని గుంత చూడటం. ఆయన భార్య నవ్వుతూ పక్కకు జరిగేది. నేను వంగి జానతో కొలిచేదాన్ని, గోడ అడుగున అరచేయి పెట్టి చెమ్మ ఉందేమో చూసేదాన్ని. తొమ్మిదేళ్ళు అట్లా కిందికే చూశాను.

రెండో పని చవుడు తోలించడం. మట్టిమిద్దె తెలియనివాళ్ళకు చెప్పాలి. దూలాలు, వాటి మీద అడ్డకర్రలు, వాటి మీద కట్టెపుల్లలూ ఎండుగడ్డీ, ఆపైన మన్ను. అన్నిటికంటే పైన చవుడు, అంటే ఉప్పుమన్ను. వాన పడితే అది జిగటగా సాగి సందులు మూసేస్తుంది, చుక్క కిందికి దిగనీయదు. ఏటా వానలకు ముందు కొత్త చవుడు పరవాలి. కొత్తచెరువు దారిలోని బీళ్ళ నుంచి ఎద్దులబండ్లలో తెచ్చేవాళ్ళు. మిగతా ఇళ్ళవాళ్ళు బాడుగకున్నవాళ్ళనే పోయించుకోమనేవాళ్ళు, లేదా ఏడాది తప్పి ఏడాది పోసేవాళ్ళు. నేను ఒక్క ఏడు తప్పలేదు. కూలీలు గంపలతో పైకి మోస్తుంటే కింద అరుగు మీద కూర్చుని, మగదిక్కు లేకపోయినా ఇంటిని ఎంత బాగా చూసుకుంటున్నానో వీధివాళ్ళంతా చూడాలని కోరుకునేదాన్ని. మిద్దె మీదికి మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. ఆడవాళ్ళు, అందులో నాలాంటివాళ్ళు, నిచ్చెనెక్కితే నలుగురూ ఏమంటారో అని.

ఏడో ఏడు ఆయన భార్య చెప్పింది. "అక్కా, పైనుంచి మన్ను రాలతాండాది. పట్టు మీద పడతాండాది." తల ఎత్తి చూస్తే మగ్గం మీద పాత దుప్పటి ఒకటి పందిరిలాగా కట్టి ఉంది. సరే, కారుతున్నట్టుంది అనుకున్నాను. ఆ ఏడు చవుడు మందంగా పరవమన్నాను.

ఎనిమిదో ఏడు పెద్ద గది తలుపు పట్టేసింది. భుజంతో తోస్తే గానీ తెరుచుకోదు. వడ్రంగిని పిలిపించి అంచు చిత్రిక పట్టించాను. ఆరు నెలలకు మళ్ళీ పట్టేసిందని జాబు వస్తే, మళ్ళీ పట్టించమని రాశాను. కొయ్య ఉబ్బింది అనుకున్నాను. మీకెవరికైనా ఇల్లుంటే ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. నిన్నటిదాకా సాఫీగా మూసుకున్న తలుపు ఇవాళ బిగుసుకుందంటే వడ్రంగిని పిలవకండి, దాని పైన ఏముందో చూడండి. నాకు అది చెప్పినవాళ్ళు లేరు, నేను అడగనూ లేదు.

తొమ్మిదో ఏడు నేను పోయేటప్పటికి ఆయన గుంతలోంచి లేచి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ అట్లా లేచేవాడు కాదు, పని చేస్తూనే మాట్లాడేవాడు.

"అమ్మా, నడిమి దూలం రాత్రిపూట పటపటమంటాండాది. దానికింద ఒక ఊతకొయ్య పెట్టుకుంటా. ఖర్చు నాదే."

"కొయ్య యాడ నిలబెడతావప్పా?"

"ఈడ, మగ్గం పక్కన. మొదలు కదలకుండా ఒక మూరెడు తవ్వల్ల."

ఆ 'తవ్వల్ల' అన్న మాటే నాకు వినబడింది. "ఇంకొక గుంత నా ఇంట్లో తవ్వేదానికి లేదు," అన్నాను. "ఈ ఏడు ఒకటి కాదు, రెండు బండ్ల చవుడు తోలిస్తా. అంత భయమైతే వేరే ఇల్లు చూసుకోండి."

కోపంతో అన్న మాట కాదు. ఇంటివాళ్ళు ఊరికే అనే మాట. వదిన అప్పుడప్పుడు నాతోనూ అట్లాంటిదే ఒకటి అనేది, ఆ రోజంతా నాకు ముద్ద దిగేది కాదు. అయినా అదే మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆయన మళ్ళీ గుంతలోకి దిగి కూర్చున్నాడు. సాయంత్రం రెండు బండ్లు వచ్చాయి. కూలీలతో కలిసి ఆయన కూడా గంపలెత్తాడు.

ఆ ఏడు దసరా ముందు మూడు రోజులు ఒకటే వాన. నాలుగో నాడు పక్కింటివాళ్ళు రాసిన కార్డు వచ్చింది. అన్న చదివి, కాసేపు నా చేతికివ్వలేదు.

నడిమి దూలం పట్టపగలు విరిగింది. పిల్లలు బడిలో ఉన్నారు, ఆమె బావి దగ్గర ఉంది. ఆయన మగ్గంలో ఉన్నాడు. కాళ్ళు గుంతలో ఉన్న మనిషి ఎంతలో లేస్తాడు? అయితే ఆ గుంతే ఆయన ప్రాణం కాపాడిందని అందరూ అన్నారు. ఒళ్ళంతా దాంట్లోకి జారిపోయాడు, దూలం గుంత అంచుల మీద నిలిచింది. కుడిచేయి మాత్రం పైనే ఉండిపోయింది. తొమ్మిదేళ్ళు నేను వంగి వంగి కొలిచి భయపడిన గుంత అది.

నేను పోయేటప్పటికి వాన వెలిసింది. కూలీలు మన్ను ఎత్తిపోస్తున్నారు. పడకుండా మిగిలిన మిద్దె ముక్క ఒకటి గోడ మీద నిలబడి ఉంది, కత్తితో కోసినట్టు. దాంట్లో వరసలు కనబడ్డాయి. ఒకటి తెల్లగా, ఒకటి బూడిదరంగు, ఒకటి పసుపు, ఒక్కో ఏడు ఒక్కో బీడు నుంచి తెచ్చిన చవుడు. లెక్కపెట్టాను. తొమ్మిది. పైది రెండింతల మందం. నేను చూపించిన శ్రద్ధంతా అక్కడ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంది.

కూలీల్లో ఒక ముసలాయన పార ఆపి నన్ను చూశాడు. "ఏమమ్మా, ఒక్క తూరి గూడా గీకించలేదా?"

"గీకించేదేమి?"

"పాత మన్ను గీకి తీసేసి గదా కొత్తది పరిసేది. మోకాలెత్తు ఉండాది ఈడ. తడిస్తే దూలం ఎంతని మోస్తాది?"

అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంటాయన రెండు మూడేళ్ళకొకసారి ఇద్దరు మనుషులను మిద్దె మీదికి ఎక్కించేవాడు. పైన పారల చప్పుడు. దుమ్ము పడుతుందని నేను వంటింట్లో కుండల మీద మూతలు సర్దుకునేదాన్ని. గడ్డి చెక్కిస్తున్నాడు కాబోలు అనుకునేదాన్ని. అడిగి ఉంటే చెప్పేవాడు. ఆయన అట్లా దాచే మనిషి కాడు. నాకే పట్టలేదు. పోతూ పోతూ ఆయనా ఆ మాట నాకు చెప్పి పోలేదు, జ్వరంలో ఉన్న మనిషికి మిద్దె ఎందుకు గుర్తొస్తుంది?

చేయి మోచేతి దగ్గర నుజ్జయింది. అతికింది కానీ మళ్ళీ వంగలేదు. నాడె విసరని చేయి నేతగాడికి ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. మంచం పక్కన కూర్చుని ఏడిస్తే, ఆయనే నన్ను ఓదార్చాడు. "మీరేం తక్కువ చేసినారమ్మా? ఏ ఇంటామె ఏటేటా చవుడు ఏయిస్తాది?" అన్నాడు. ఆ మాట కంటే తిట్టినా బాగుండేది. నా దగ్గరున్న గాజులు ఆయన భార్య చేతిలో పెట్టాను. తీసుకుంది. ఆ తర్వాత వాళ్ళు ఆమె పుట్టిల్లు పెనుకొండకు పోయారని విన్నాను. పెద్ద గదిని నేను మళ్ళీ కట్టించలేదు. చిన్న గది మాత్రం మిగిలింది, దాన్నీ ఎవరికీ ఇవ్వలేదు.

రెండేళ్ళ తర్వాత, చిన్న గది మిద్దె పని చేయించి ధర్మవరం నుంచి తిరిగొస్తున్నాను. బండి పెనుకొండలో ఆగింది. కిటికీ దగ్గరికి ఉడకబెట్టిన శెనక్కాయల గంప వచ్చింది. ఎడమ చేత్తో పొట్లం చాపిన మనిషి ఆయనే.

"బాగుండారా అమ్మా? మిద్దెకు చవుడు ఏయించినారా?" అన్నాడు, మొన్ననే మాట్లాడినట్టు.

"గీకించినానప్పా. నేనే నిచ్చెనెక్కి చూసినా."

"మంచి పని." కాసేపు గంప సర్దుకున్నాడు. "పెద్ద గదీ అప్పుడే గీకించింటే బాగుండు. మా నాయన ఇంటి మిద్దె చిన్నప్పుడు నేనే గీకుతాంటి."

"నీకు తెలుసునా? తెలిసి ఎందుకు చెప్పలేదప్పా?"

ఆయన నొచ్చుకోలేదు, నిష్ఠూరంగానూ అనలేదు. ఎండ గురించి చెప్పినట్టు చెప్పాడు. "ఊతకొయ్య అడిగినందుకే ఇల్లు చూసుకోమంటిరి. మీరేమో మన్ను మోయించి సంతోషపడతాండారు. అదే వద్దంటే ఏమంటారో అనుకుంటి. ఇద్దరు బిడ్డలు, నడిమింట్లో మగ్గం, ఎత్తుకొని యాడికి పోదును?"

గార్డు ఈల వేశాడు. పొట్లం నా ఒళ్ళో పెట్టి, దుడ్లు వద్దని చేయి అడ్డంగా ఊపి, పక్క పెట్టెకు నడిచాడు. కుడిచేయి పక్కనే కదలకుండా ఉంది. హిందూపురం వచ్చేదాకా ఆ పొట్లం విప్పలేదు. ఆయన నోరు మూయించింది నేనే, వదిన నాతో అనే మాటతోనే మూయించాను.