చచ్చిన ముక్కుకి వెల్లుల్లి వాసన

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఇది దయ్యం సంగతి కాదు, ఒక వాసన సంగతి.

ముందు నా ముక్కు గురించి చెప్పాలి. అమెరికా వచ్చిన కొత్తలో సైనస్ ఆపరేషన్ అయ్యాక నాకు వాసన తెలియడం పూర్తిగా పోయింది. పక్కనే అన్నం మాడుతున్నా తెలియదు. అలాంటివాడికి తన ఒంటి వాసన గురించి భయం ఎక్కువ. ఆఫీసులో ఎవరు ముక్కు చిట్లించినా నా వల్లే అనుకునేవాణ్ణి. అందుకని శనివారం తప్ప ఇంట్లో వెల్లుల్లి వాడకూడదని రూలు పెట్టాను. ఆఫీసు కోటు వంటింటికి దూరంగా గరాజ్‌లో వేలాడేది. మా ఆవిడ సుజాత నవ్వేది గానీ, రూలు తప్పేది కాదు.

అప్పుడు, అంటే 2010 ప్రాంతంలో, మేం షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళం. నేను రోజూ రైల్లో షికాగో వెళ్ళి వచ్చేవాణ్ణి. ఆదివారం తెలుగు చర్చి. అక్కడే మాకు విక్టర్ అంకుల్ తగిలాడు.

ఆయన్ని క్షమించమని పాస్టరుగారు చాలాసార్లు చెప్పారు. నేను క్షమించలేదు, క్షమించను కూడా.

అందరూ లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఆయన దేవుడికి రెండు మాటలు, తను అమ్మే కాప్సూల్స్‌కి పది నిమిషాలు ఇచ్చేవాడు. ఏదో మొక్క నుంచి తీసిన పాలీశాకరైడ్ అనే పిండిపదార్థానికి సెలీనియం అనే ఖనిజం పట్టించారట. యాంటీ ఆక్సిడెంటట. ఒంట్లో ఉన్న చెడంతా కడిగేస్తుందట. కేన్సర్ అన్న మాట మాత్రం నోటితో అనేవాడు కాదు. "నేను దేని గురించి చెప్తున్నానో మీకు తెలుసు కదమ్మా" అనేవాడు. సుజాత వాళ్ళమ్మ కేన్సర్‌తో పోయింది. ఆ వయసుకి సుజాత ఇంకో మూడేళ్ళ దూరంలో ఉంది. ఆ సంగతి ఆ పెద్దమనిషికి బాగా తెలుసు.

నెల తిరగకుండా మా ఇంట్లో ఆరు సీసాలు చేరాయి. నేను అరిచాను. సెలీనియం ఒంటికి కావాల్సింది నలుసంత, ఎక్కువైతే అదే విషం అన్నాను. "మీరేమన్నా డాక్టరా?" అంది. "మీ అంకుల్ డాక్టరా?" అన్నాను. ఆ తరవాత నెల పైగా మా మధ్య మాటల్లేవు. నేను హాల్లో సోఫా మీద పడుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే శ్రమకాలం వచ్చింది. ఈస్టరుకి ముందు ఆ నలభై రోజులూ సుజాత సాయంత్రం దాకా ఏమీ తినదు. తరవాత తెలిసింది, దానికీ అంకుల్ ఒక దారి చెప్పాడని: "మానేసిన ప్రతి పూటకీ రెండేసి వేసుకోమ్మా. ప్రేయర్ చేసుకుని వేసుకుంటే ఒంటికి పడుతుంది." సీసా మీద రోజుకి ఒకటి అని రాసి ఉంది. ఈ పిచ్చిది ఖాళీ కడుపుతో నాలుగేసి మింగింది. జుట్టు ఊడుతోందంటే, ఒంట్లో చెడు బయటికి పోతోందని చెప్పాడట ఆ మహానుభావుడు. నేనూ తక్కువేం తినలేదు. దిండు మీద జుట్టు చూసి కూడా పలకరించలేదు.

అలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో నా సీట్లో కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి వెల్లుల్లి వాసన వచ్చింది. ఆరేళ్ళ తరవాత వచ్చిన మొదటి వాసన. ముందు సంతోషం పట్టలేకపోయాను. ముక్కు బాగయిందనుకున్నాను. కాఫీ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కాఫీ వాసన లేదు. వెల్లుల్లి ఒక్కటే.

ఇంతలో పక్క సీటు కేరెన్ తల తిప్పి, "లంచ్‌లో గార్లిక్ తిన్నావా?" అని అడిగింది. నేను తిన్నది పెరుగన్నం. కాసేపటికి మేనేజరు వచ్చి, మెల్లిగానే, ఇవాళ్టికి ఇంటి నుంచి పని చేసుకోమన్నాడు. సుజాత కోపంతో కావాలనే నా కోటు వంటింట్లో తగిలించిందని నిర్ధారణకి వచ్చేశాను. ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అలక అనుకున్నాను.

రైల్లో నా ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ముక్కుకి స్కార్ఫ్ అడ్డం పెట్టుకుని వేరే సీటుకి వెళ్ళిపోయింది. నేను దారి పొడుగునా సుజాతని ఏమేం తిట్టాలో అనుకుంటూ కూర్చున్నాను.

ఇంటి తలుపు తీశాను. వాసన ఆగిపోయింది.

సుజాత బాత్రూంలో నేల మీద పడి ఉంది. వాంతులు చేసుకుని చేసుకుని, లేవలేక అలాగే ఉండిపోయింది. వెంటనే అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేశాను.

ఎమర్జెన్సీలో నర్సు ఆమె మీదికి వంగి, నోటి నుంచి బాగా వెల్లుల్లి వాసన వస్తోంది, ఏం తిన్నది అని అడిగింది. పొద్దున్నించి ఉపవాసం అన్నాను. డాక్టరు సప్లిమెంట్లు ఏమైనా వాడుతోందా అంటే, సీసాల సంగతి చెప్పాను. సెలీనియం ఎక్కువైతే ఊపిరి అలాగే వాసన వేస్తుందట. మీరు సాయంత్రం మామూలు టైముకి వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు. నేను సుజాత నోటి దగ్గర మొహం పెట్టి ఊపిరి పీల్చాను. నాకు ఏ వాసనా రాలేదు.

సుజాత కోలుకుంది. జుట్టు మళ్ళీ రావడానికి ఏడాది పట్టింది.

సుజాత ద్వారా సంగతంతా విన్న అంకుల్ మాత్రం తరవాతి సాక్ష్యాల్లో లేచి, మా చెల్లెమ్మ సుజాతని కాపాడడానికి ప్రభువే ఆ వాసన పంపాడన్నాడు. కాప్సూల్స్ ఊసు ఎత్తలేదు. నేను లేచి, "ప్రభువు పంపదలుచుకుంటే ముందు మీ ఇంటికే పంపేవాడు అంకుల్, సీసాలన్నీ అక్కడే కదా ఉన్నాయి" అన్నాను. ఆ చర్చికి మళ్ళీ వెళ్ళలేదు.

చచ్చిన ముక్కుకి ఒక్కోసారి లేని వాసనలు తోస్తాయని ముక్కు డాక్టరు చెప్పాడు. ఒప్పుకుంటాను. మరి కేరెన్ ముక్కు బాగానే ఉందిగా? రైల్లో పెద్దావిడ ఎందుకు లేచి వెళ్ళింది? కోటు కూడా ఆ పొద్దున నేను గరాజ్‌లోంచే తీసుకున్నాను. ఆ నెలంతా, శనివారాలు కూడా, ఇంట్లో వెల్లుల్లి రెబ్బ లేదు.

ఆ తరవాత నాకు మళ్ళీ ఏ వాసనా రాలేదు. అయినా ఇప్పటికీ రోజూ పొద్దున ఆఫీసుకి బయల్దేరే ముందు సుజాత మొహం మీదికి వంగి గట్టిగా ఊపిరి పీలుస్తాను.

"ఏమన్నా వచ్చిందా అండీ?" అంటుంది నిద్రమత్తులో.

"ఏమీ రాలేదు" అంటాను. అప్పుడే కోటు వేసుకుంటాను.